కొంగల మేడం గారి భర్త

నవంబరు 10, ఆదివారం

నలభై ఏడేళ్లకి డైరీ మొదలుపెట్టాను. ఖాళీగా ఉన్న మగవాడు సిగరెట్లు కాల్చాలి, లేదా డైరీ రాయాలి. సిగరెట్ల సంగతి తెలిస్తే అమ్మ ఊరుకోదు.

ఈ రోజు మా ఆవిడ జాయ్సీ నన్ను కొల్లేరు తీసుకెళ్లింది. తీసుకెళ్లడమంటే, కారు నేను తోలాను, ట్రైపాడ్ నేను మోశాను, ఫ్లాస్కు మూత నేను తీశాను. ఆవిడ ఫోటోలు తీసింది. వట్లూరులో ఇంటి గేటు తీస్తుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఆదివారం పూట ఆరాధన మానేసి ఎక్కడికిరా?"

"కొంగల్ని చూడ్డానికమ్మా."

"వాటిని చేసినవాణ్ణి చూడ్డానికి మాత్రం తీరిక ఉండదు."

సువార్తమ్మ గారితో వాదించి నెగ్గినవాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. కారెక్కేశాను.

కొల్లేరు సరస్సని పాఠ్యపుస్తకంలో ఉంటుంది. కైకలూరు దాటి వెళ్లి చూస్తే ఒక చేపల చెరువు, గట్టు, ఇంకో చేపల చెరువు, మేత బస్తాల లారీ. వాటి మధ్య దయతలిచి వదిలిన నీళ్లలో పక్షులు. ఆ నీళ్లలో, పడవలో, కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలట. జాయ్సీకి కావలసింది తెడ్డుమూతి కొంగ. ఒళ్లంతా తెల్లగా, పద్ధతిగా చేసుకుంటూ వచ్చి, మూతి దగ్గరికొచ్చేసరికి దేవుడికి సామాను అయిపోయినట్టుంది. వంటింట్లోంచి ఒక గరిటె పట్టుకొచ్చి అతికించేశాడు. అది ఆ గరిటెని నీళ్లలో ముంచి ఎడమకీ కుడికీ ఆడిస్తూ నడుస్తుంది, వానలో కారు వైపర్‌లాగా. దొరికితే తింటుంది, లేకపోతే ఆడిస్తూనే ఉంటుంది.

"చూశారా, ఎంత ఓపికో!" అంది జాయ్సీ.

ఓపిక కాదు, దానికి ఇంకో ఉద్యోగం లేదు. అనలేదు. అంటే మాట నా మీదికే వస్తుంది.

నవంబరు 13, బుధవారం

ఎదురింటి హనుమంతరావు గారు అడిగారు. "కాలేజీకి వెళ్లట్లేదేంటండీ ఈమధ్య?" రాజీనామా చేశానని చెప్పాను. నేనే చేశాను. మెకానికల్ బ్రాంచిలో ఈ ఏడాది చేరినవాళ్లు నలుగురు. పిల్లలందరికీ కంప్యూటర్లే కావాలి. "మీరు పైథాన్ చెప్పండి సార్" అన్నారు మేనేజిమెంటు వాళ్లు. ఇరవై ఏళ్లు ఇంజిన్ల గురించి చెప్పినవాణ్ణి, పాము పేరున్న పాఠం చెప్పనన్నాను. నేనే మానేశాను.

నవంబరు 24, ఆదివారం

ఏలూరు పక్షిప్రేమికుల బృందంలో మమ్మల్ని కలిపారు. అంటే ఆవిణ్ణి కలిపారు. నేను స్టాండుతో పాటు వచ్చాను.

నాయకుడు పాండురంగారావు గారు. కరెంటు ఆఫీసులో ఇంజినీరుగా రిటైరయ్యారు. ఒంటి మీద ఆకులూ కొమ్మలూ అచ్చేసిన చొక్కా, ప్యాంటు, టోపీ. పక్షులు తనని పొద అనుకోవాలని ఆయన ఉద్దేశం. కనుచూపు మేర పొద అన్నది లేని చెరువు గట్టు మీద, ఎర్ర కారు పక్కన, మోగుతున్న సెల్‌ఫోనుతో ఒక పొద నిలబడి ఉంటే ఏ కొంగ నమ్ముతుంది?

పడవ నడిపే తాతారావుని అడిగాను, "ఆ పక్షి పేరేంటయ్యా?" అని.

"ఆయ్, కొంగండి."

"అది కొంగ. మరి ఇది?"

"అదీ కొంగేనండి బాబుగారు." ఫోనులోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. ఈ బృందంలో నాకు నచ్చిన మనిషి ఇతనొక్కడే.

డిసెంబరు 2, సోమవారం

ఈ ఉదయం కూడా జాయ్సీ భీమడోలు రైలెక్కింది. అక్కడి హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. ఆవిడ వెళ్లాక ఇంట్లో నేనూ, అమ్మా, కుక్కరూ. కుక్కర్ రెండు కూతలకే దించానని అమ్మ మాట్లాడటం మానేసింది.

డిసెంబరు 9, సోమవారం

జాయ్సీ తీసిన ఫోటో పేపర్లో వచ్చింది. జిల్లా పేజీలో, పైన. తెడ్డుమూతి కొంగ నీళ్లలోంచి లేస్తూ, కాళ్ల వెంట నీటి చుక్కలు. కింద పేరు: డి. జాయ్సీ, ఉపాధ్యాయిని. డి అంటే దారా. అది నా ఇంటిపేరు. నా వంతుగా ఒక అక్షరం వచ్చింది.

పాల ప్యాకెట్టుకి వెళితే కొట్టతను పక్కవాడితో అన్నాడు: "ఈయనేరా, కొంగల మేడం గారి భర్త."

డాక్టర్ దారా సుకుమార్, ఎం.టెక్., పిహెచ్.డి. వేడిని పనిగా మార్చడం మీద రెండు వందల డెబ్బై పేజీల సిద్ధాంతగ్రంథం. కొంగల మేడం గారి భర్త.

నవ్వాను. నవ్వాను కదా.

డిసెంబరు 19, గురువారం

తాడేపల్లిగూడెంలో ఒక పాలిటెక్నిక్‌లో ఖాళీ ఉందంటే వెళ్లాను. గదిలోకి వెళ్లగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు వినయ్. నా దగ్గర చదివినవాడే. థర్మోడైనమిక్స్‌లో రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు ఆ విభాగానికి అధిపతి.

"సార్, మీరా! కూర్చోండి సార్. మిమ్మల్ని తీసేశారని విని చాలా బాధపడ్డాను సార్."

"తీసేయలేదు. నేనే మానేశాను."

"అవునా సార్. సారీ సార్." టీ తెప్పించాడు. నా సర్టిఫికెట్లు తిరగేసి, మళ్లీ మూసి, వెలిగిపోతున్న మొహంతో అడిగాడు. "సార్, పేపర్లో కొంగ ఫోటో తీసింది మన మేడం గారేనా? మా ఆవిడ స్టేటస్‌లో పెట్టుకుంది సార్."

ఉద్యోగం ఉందట. గెస్టు లెక్చరర్. ఏడాది తర్వాత చూస్తారట. అతని కింద. అతను సంతకం పెడితే నాకు సెలవు.

ఆలోచించి చెప్తానన్నాను. గూడెం స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఆలోచించాను. నా క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయినవాడి దగ్గర నేను సెలవుచీటీ రాయాలి. చేయనని జాయ్సీకి చెప్పాను.

"మీ ఇష్టమండి," అంది కెమెరా తుడుస్తూ. ఒకసారి కూడా బతిమాలలేదు.

డిసెంబరు 25, బుధవారం

మందిరంలో పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో మా వరుస వైపు చేయి చూపించారు. "సృష్టికర్త చేతిపనిని మన సహోదరి ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి." అందరూ తల తిప్పారు. ఆదివారాలు మానేసిన కోడలిని అమ్మ ఎంత గర్వంగా చూసిందంటే, ఆ క్షణంలో కుక్కర్ రెండు కూతలకే దించిన నన్ను కూడా క్షమించేసేదే.

సహోదరి భర్త స్వెటర్ సర్దుకున్నాడు.

జనవరి 5, ఆదివారం

దొరికింది. రెండు నెలలుగా ఆవిడ వెతుకుతున్నది ఈ రోజు దొరికింది.

చెరువు మధ్య లంకలో తుమ్మచెట్టు మీద గూడు. దూరంగానే పడవ ఆపించింది. దగ్గరికి వెళితే పక్షి లేచిపోతుందట, పిల్లల్ని కాకులు ఎత్తుకుపోతాయట. పాండురంగారావు గారు దగ్గరికి పోనిమ్మంటే, "వద్దండి, ఫోటో రాకపోయినా పర్లేదు" అని గట్టిగా చెప్పింది. పొద నోరు మూసుకుంది. ఆ మాటకి నాకు నిజంగానే ముచ్చటేసింది. రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఇలాంటివి నేను తొందరగా మర్చిపోతాను.

ఎండ ఎక్కాక పెద్దపక్షి వచ్చి వాలింది. పిల్ల మెడ సాచి, తల మొత్తం తల్లి నోట్లో పెట్టేసింది. అలా తింటాయట. జాయ్సీ ఊపిరి బిగబట్టింది. క్లిక్కులు. తర్వాత కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో చూసుకుని ఏడ్చింది. బడిపిల్లలకి కప్పని కోసి చూపించే మనిషి, కొంగ కోసం ఏడ్చింది.

దారంతా మాట్లాడుతూనే ఉంది. హైదరాబాదులో జరగబోయే పోటీకి పంపుతుందట. భీమడోలు దగ్గర రైలు గేటు పడితే ఆగాం. అప్పుడు అంది. "ఈ ఒక్కటి చాలండి. ఈ ఏడాది వృథా పోలేదు."

గేటు ఎత్తారు. గేరు వేశాను.

ఇంటికి రాగానే తలనొప్పని పడుకుంది. "కార్డులోవి లాప్‌టాప్‌లోకి ఎక్కించండి, లేచి చూస్తాను" అంది.

జనవరి 6, సోమవారం

కార్డు పాడైంది.

జనవరి 7, మంగళవారం

కార్డులు పాడవుతాయి. సున్నితమైన వస్తువులు. తేమ, దుమ్ము, వేడి, అన్నీ కారణాలే. కొల్లేరులో గాలి నిండా తేమే. లాప్‌టాప్‌లో పెట్టగానే ఖాళీ అని చూపించింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. తయారు చేసినవాడి తప్పు.

జాయ్సీ నన్ను ఏమీ అనలేదు. ఇంకా ఘోరం, ఓదార్చింది. "మీరేం చేస్తారండి. నేనే మంచి కంపెనీది కొనాల్సింది." రాత్రి నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. తినలేకపోయాను. ముళ్లు ఎక్కువ.

జనవరి 9, గురువారం

పాండురంగారావు గారు సాయంత్రం ఫోను చేయకుండానే ఇంటికి వచ్చేశారు. ఆకుల చొక్కా లేకపోతే మొదట గుర్తుపట్టలేదు.

"సుకుమార్ గారండీ, ఆ కార్డిలా ఇవ్వండి. పోయినవాటిని వెనక్కి తెప్పించే సాఫ్ట్‌వేర్ ఉందండి నా దగ్గర. మా మనవడి పుట్టినరోజు ఫోటోలు మొత్తం తెప్పించాను."

"పాడైన కార్డండీ. శ్రమ మీకు."

"శ్రమేముందండి, రిటైరైనవాణ్ణి."

జాయ్సీ లోపలికి వెళ్లి కార్డు తెచ్చింది. హాల్లో బల్ల మీద ఆయన లాప్‌టాప్ పెట్టారు. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పెరగడం మొదలైంది. అమ్మ కూడా చిక్కుడుకాయల పళ్లెం పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను నిలబడ్డాను.

"వస్తున్నాయండి! ఏదో వస్తోందండి!" అరిచారు పాండురంగారావు గారు. "ఫోటో కాదండి, వీడియోలా ఉంది. మేడం గారూ, వీడియో తీశారా?"

"లేదండీ," అంది జాయ్సీ.

ఆయన నొక్కారు.

తెర మీద నేను. లాక్‌డౌన్ రోజుల నాటి నేను, ఆన్‌లైన్ క్లాసు. పక్కన నల్లబోర్డు, వెనక ఫ్రిజ్. చేతిలో సుద్దముక్క పట్టుకుని, కళ్లజోడు పైకి తోసుకుంటూ చెబుతున్నాను. "ఈ ప్రక్రియను వెనక్కి తిప్పలేం. మొదటి స్థితి మళ్లీ రాదు. అండర్‌లైన్ చేసుకోండి, పరీక్షలో వస్తుంది."

"మా వాడే!" అంది అమ్మ. "ఎంత బాగా చెప్తున్నాడో!"

పాండురంగారావు గారు ఇంకోటి నొక్కారు. మళ్లీ నేనే. ఇంకోటి. యూనిట్ రెండు, యూనిట్ మూడు. "ఏవండీ, కొంగ రావట్లేదండి. మీరే వస్తున్నారు," అన్నారు పాపం, నిజంగా ఆశ్చర్యపోతూ.

"ఎప్పటివో పాతవి అయి ఉంటాయండి," అన్నాను. "పాత కార్డు కదా."

ఆ కార్డు కొత్తది. డిసెంబరులో నేనే కారాపితే, ఏలూరులో షాపు లోపలికి వెళ్లి కొనుక్కుంది జాయ్సీ. ప్యాకెట్టు కారులోనే చించింది.

ఆవిడ నా వైపు చూడలేదు. తెర మీది నన్నే చివరిదాకా చూసింది. అప్పుడు లేచి, "టీ తీసుకుంటారాండీ పాండురంగారావు గారూ?" అంది.

జనవరి 10, శుక్రవారం

కార్డు పాడవలేదు.

ఈ డైరీని ఎవరూ చదవరు. నా కోసం నేను రాసుకుంటున్న దాంట్లో నాకే అబద్ధం రాసుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ మోసం ఉంటుందా? ఆదివారం ఆవిడ పడుకున్నాక కార్డు లాప్‌టాప్‌లో పెట్టాను. ఆ ఫోటోని తెర నిండా పెద్దది చేసి చూశాను. చాలాసేపు చూశాను. తర్వాత చెరిపేశాను. కాపీ చేయకుండా చెరిపేశాను. చెరిపినవి వెనక్కి వస్తాయని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చి, కార్డు నిండా నా పాఠాలు ఎక్కించి, మళ్లీ చెరిపాను. పద్ధతైన మనిషిని కదా.

ఎందుకు చేశావంటే ఒక్క కారణం కనిపిస్తోంది. ఆ గేటు దగ్గర ఆవిడ ఏడాది వృథా పోలేదు. నాది పోయింది. అంతే. ఇంత పెద్ద పనికి ఇంత చిన్న కారణమా అని నాకే సిగ్గుగా ఉంది. పెద్దది ఏదైనా ఉంటే బాగుండేది.

నేను మానేయలేదు. తీసేశారు.

జనవరి 12, ఆదివారం

"నేను పాండురంగారావు గారి కారులో వెళ్తున్నానండి. వాళ్లావిడ కూడా వస్తున్నారు. మీరు రావక్కర్లేదు," అంది. ఆ ట్రైపాడ్ తనే భుజాన వేసుకుంది. సులువుగానే ఎత్తింది.

అమ్మతో మందిరానికి వెళ్లాను. "మీ ఆవిడ ఏదండీ?" అని తొమ్మిది మంది అడిగారు. "మీరెలా ఉన్నారు?" అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు కాబట్టి వాళ్లకి కృతజ్ఞతలు.

సాయంత్రం వచ్చింది. గూడు సంగతి అడిగాను. "పిల్లలు కొమ్మల మీదికి ఎక్కేశాయి," అంది. ఇక గూట్లో అలాంటి ఫోటో మళ్లీ దొరకదట. బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది.

జనవరి 17, శుక్రవారం

వినయ్‌కి ఫోను చేశాను. ఆ ఉద్యోగం ఇంకా ఉందా అని అడిగాను.

"ఉంది సార్! మీరు వస్తానంటే నాకు అంతకన్నా ఏం కావాలి సార్."

"వినయ్, ఒక మాట. నేను మానేయలేదు. వాళ్లే తీసేశారు."

"తెలుసు సార్," అన్నాడు మెల్లగా. "సోమవారం రండి సార్."

ఊరందరికీ తెలుసు. దాచుకుంటున్నది నా ఒక్కడి దగ్గరే.

జనవరి 20, సోమవారం

జాయ్సీ ఎక్కే రైలే నేనూ ఎక్కాను. భీమడోలు దాకా ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. పిల్లల జవాబు పత్రాలు దిద్దుకుంది. భీమడోలులో దిగేటప్పుడు, "టిఫిన్ డబ్బాలో పప్పు వేరేగా పెట్టాను, ఒలక్కుండా చూసుకోండి" అంది. వారం రోజుల్లో నాతో ఇంత పెద్ద వాక్యం ఇదే.

గూడెంలో నా క్లాసులో పదకొండు మంది ఉన్నారు. పడుకున్నవాళ్లు ఇద్దరే. వినయ్ తలుపు దగ్గర నిలబడి విని వెళ్లాడు. రెండుసార్లు తప్పిన పాఠం, మూడోసారి విన్నాడు.

జనవరి 24, శుక్రవారం

చెప్పలేదు.

జనవరి 29, బుధవారం

రైల్లో చెబుదామనుకున్నాను. దెందులూరులో జనం ఎక్కేశారు.

జనవరి 30, గురువారం

ఈ రోజు జనం లేరు. అయినా చెప్పలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ ఆదివారం ఆవిడ కొల్లేరు వెళ్లలేదు. అమ్మ మందిరానికి వెళ్లింది. జాయ్సీ హాల్లో కింద కూర్చుని, పాత తువ్వాలు పరిచి కెమెరా భాగాలన్నీ దాని మీద పెట్టుకుని దుమ్ము ఊదుతోంది. నేను రెండు గ్లాసుల్లో టీ పోసి తెచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"జాయ్సీ, ఆ కార్డు..."

"ఊఁ."

"నేనే చెరిపాను."

"తెలుసండి."

"ఎప్పటి నుంచి?"

"మీరు థర్మోడైనమిక్స్ చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి."

నవ్వు రాబోయింది నాకు. ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో కారణం చెప్తారు. తేమ అన్నారు, దుమ్మన్నారు, పాత కార్డన్నారు. ఇంకోటి వినే ఓపిక లేకపోయింది నాకు."

అప్పుడు చెప్పాను. గేటు దగ్గర ఆవిడన్న మాట, పాలకొట్టు, మందిరంలో తిరిగిన తలలు, అన్నీ. చెబుతుంటే ఒక్కొక్కటీ ఇంకా చిన్నదైపోతోంది. ఆవిడ విన్నది. మధ్యలో ఒక్కసారి, "ఇన్ని నెలలూ రోజూ మీ మొహం చూసి భయపడుతూ స్కూలుకి వెళ్లానండి," అంది. "ఆ ఆదివారాలు లేకపోతే నాకు పిచ్చెక్కేది. మిమ్మల్ని కూడా అందుకే లాక్కెళ్లాను."

ఆ సంగతి నాకు తట్టనే లేదు. డ్రైవరు లేక తీసుకెళ్లిందనుకున్నాను.

"క్షమిస్తావా?" అన్నాను.

"లేదండి." కోపంగా కాదు, టైం ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. "అది మందిరంలో వెంటనే వస్తుంది. ఇంట్లో టైం పడుతుంది."

లెన్సు మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"ఒకటి చెప్పండి. చెరిపే ముందు చూశారా?"

"చూశాను."

"పెద్దది చేసి?"

"తెర నిండా."

"నేను ఆ వెనక ఉన్న చిన్న తెరలోనే చూశాను, అదీ ఎండలో. ఎలా ఉంది? చెప్పండి."

మొదట నోట్లోంచి ఏదో వేళాకోళం బయటికి రాబోయింది. ఎప్పుడూ అదే ముందొస్తుంది. మింగేశాను.

చెప్పాను. పిల్ల తల తల్లి నోట్లోకి మెడదాకా వెళ్లిపోయిందని. తల్లి గొంతు కింద పసుపు మచ్చ ఉందని, అది సాగి పలచబడిందని. పిల్ల రెక్కలు ఇంకా రెక్కల్లా లేవని, తడిసిన దూదిలా ఉన్నాయని, బ్యాలెన్సు కోసం ఒకటి తల్లి రొమ్ముకి ఆనించిందని. వెనక రెండో పిల్ల ఉందని. దాని మూతి ఇంకా గరిటె అవలేదని, గులాబీ రంగులో మెత్తగా ఉందని, అది తన వంతు కోసం నోరు తెరిచి ఉందని.

"ఫోటోలో రెండో పిల్ల కూడా పడిందా?" అంది జాయ్సీ. "నేను చూడలేదు."

"ఉంది. ఆకుల వెనక."

"ఫోకస్?"

"తల్లి కంటి మీద. ఎర్రటి కన్ను. అందులో చెరువు కనిపిస్తోంది. చెరువులో మన పడవ కూడా, చిన్న నల్లటి గీతలా."

ఆవిడ గ్లాసు నేల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది. చూస్తున్నట్టుంది. ఇంకేమైనా ఉందేమో అని నేను వెతుక్కున్నాను. కొమ్మకి అంటిన ఈక ఒకటి గుర్తొచ్చింది. అదీ చెప్పాను.

కాసేపటికి కళ్లు తెరిచింది.

"ఇంత బాగా చూశారు," అంది. "ఇంత బాగా చూసి చెరిపారు."

తువ్వాలు నాలుగు మూలలూ దగ్గరికి తీసి, కెమెరాని చంటిపిల్లలా ఎత్తుకుని గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకోలేదు.